వెనక్కి తిరిగే టైమ్ ముందే అనుకోండి

కొండల్లో నడవాలంటే తెల్లవారుజామునే బయల్దేరాలని మీ ట్రెక్కింగ్ వ్యాసంలో రాశారు. నూటికి నూరుపాళ్లు నిజం. అయితే ఎప్పుడు వెనక్కి తిరగాలో కూడా చెప్పాల్సింది. కొండల్లోనే పుట్టి పెరిగినదాన్ని, అందుకే రాస్తున్నాను. శిఖరం కనిపిస్తుంటే "ఇంకో అరగంటే కదా" అని మనసు లాగుతుంది. ఆ అరగంటే కొంప ముంచుతుంది. మేఘాలు కాలీఫ్లవర్‌లా పైకి ఉబ్బుతున్నాయంటే ఉరుముల వాన రావచ్చు. శిఖరం ఎంత దగ్గరున్నా సరే, వెంటనే దిగిపోండి. పిడుగులు ఎక్కువగా పడేది ఎత్తులమీదే.

వెనక్కి తిరిగే టైమ్ అనుకోవాలంటే నడకకు ఎంతసేపు పడుతుందో ముందే లెక్కేసుకోవాలి: చదును దారిలో గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన ఈ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ఆగి కూర్చునే టైమ్ అందులో లేదు, అది మీరే కలుపుకోవాలి.

దిగే ముందు షూ లేసులు విప్పి, మడమను వెనక్కి ఆనించి, చీలమండ దగ్గర గట్టిగా బిగించండి. లేకపోతే వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి.

2500 మీటర్ల ఎత్తు దాటాక తలనొప్పి, వికారం వస్తే మాత్రం టాబ్లెట్ మింగేసి ఇంకా పైకి ఎక్కకండి. అక్కడే ఆగండి, తగ్గకపోతే కిందికి దిగండి.