ఉలుకూ పలుకూ లేని డాక్‌టెస్ట్ గారికి

మహారాజశ్రీ డాక్‌టెస్ట్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మీరు క్షేమమేనని అనుకుంటున్నాను. అనుకోవడం తప్ప చేసేదేముంది, మీరు నోరు విప్పరు కదా.

2001లో పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 2.1 వెర్షన్‌తో, కోడ్‌ను పరీక్షించే పనిముట్టుగా వచ్చారు. ఫంక్షన్ పని గురించి కోడ్‌లోనే రాసుకునే వివరణ, అంటే డాక్‌స్ట్రింగ్, మీ కార్యక్షేత్రం. డాక్‌స్ట్రింగ్‌లో >>> పెట్టి ఉదాహరణ రాస్తే, దాన్ని నిజంగా నడిపి, కింద రాసిన జవాబుతో అక్షరం అక్షరం పోల్చడం మీ ఉద్యోగం. సింగిల్ కోట్ల బదులు డబుల్ కోట్లు పెట్టానని నన్ను ఓసారి అరగంట తిప్పలు పెట్టారు. అంత చాదస్తం ఉన్నవారు, పరీక్షే లేని ఫైలు ఎదురైతే బెల్లం కొట్టిన రాయిలా ఉంటారేం?

అన్నీ పాసైనా మౌనమే, ఏమీ లేకపోయినా మౌనమే. ఆ మౌనాన్ని మా సీఐ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే వ్యవస్థ) ఆరు నెలల పాటు పచ్చటిక్కుగా చూపించింది. డిస్కౌంట్ ఫంక్షన్ తప్పు లెక్క చెబుతోందని ఫిర్యాదు వచ్చాక గానీ నాకు అనుమానం రాలేదు. ఫైళ్లలో అక్షరాలను పట్టిచ్చే గ్రెప్‌తో వెతికితే >>> పద్దెనిమిది చోట్ల దొరికింది. హమ్మయ్య అనుకుని ఫైలు తెరిచాను. ఉదాహరణలు ముచ్చటగా ఉన్నాయి, కాకపోతే డాక్‌స్ట్రింగ్‌లో కాదు, హ్యాష్ (#) పెట్టిన కామెంట్లలో, అంటే పైథాన్ పట్టించుకోని వరుసల్లో. గ్రెప్‌కి రెండూ ఒకటే. మీరేమో కామెంట్ల వైపు తొంగి కూడా చూడరు. ఇలా రాసిన మహానుభావుడెవరా అని హిస్టరీ తీస్తే, నేనే.

సరే, మీ నోటే విందామని మైనస్ వి (వివరంగా చెప్పమనే ఆప్షన్) పెట్టి అడిగాను. ఫలానా ఫంక్షన్లకు టెస్టుల్లేవని జాబితా చదివారు, మొత్తం సున్నా అని ఒప్పుకున్నారు, ఆఖర్న ‘టెస్ట్ పాస్డ్’ అన్నారు! పరీక్షకే రాని పిల్లాడి చేతిలో సర్టిఫికెట్ పెట్టారన్నమాట.

మీకన్నా పైటెస్ట్ అనే మరో పరీక్షల పనిముట్టు నయం. ఒక్క టెస్టూ దొరక్కపోతే, పని సజావుగా జరగలేదని చెప్పే ఎగ్జిట్ కోడ్ 5 ఇస్తుంది. పైథాన్ 3.12 నుంచి, దానితోనే వచ్చే యూనిట్‌టెస్ట్ అనే పనిముట్టుకీ ఆ బుద్ధి వచ్చింది. మీదేమో ఎదురు నడక: డాక్‌స్ట్రింగ్‌లే లేని మాడ్యూల్ (కోడ్ ఫైలు) ఇస్తే, మీ ఉదాహరణలను యూనిట్‌టెస్ట్‌కు అందించే డాక్‌టెస్ట్‌సూట్ ఒకప్పుడు వేల్యూఎర్రర్ అని అరిచేది. 3.5లో అదీ మానేసి ఖాళీ సూట్ చేతిలో పెడుతున్నారు.

ఇన్నాళ్లూ మీచేత పరీక్ష నడిపించే టెస్ట్‌మాడ్ ఫంక్షన్ ఫలితంలో ఫెయిల్డ్ ఒక్కటే చూసేవాణ్ణి. పక్కనే అటెంప్టెడ్ (నడిపిన ఉదాహరణల సంఖ్య) కూడా ఉంది. అది సున్నా అయితే బిల్డ్ ఆగేలా చిన్న స్క్రిప్టు రాసి, అన్ని ఫైళ్ల మీదా నడిపాను. మొదట ఆగింది ఆ స్క్రిప్టు దగ్గరే.

ఇట్లు,
ఫెయిల్డ్ 0, అటెంప్టెడ్ 0