ఐదు నిమిషాలొద్దు, నలభై సెకన్లు తీయండి

ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ వచ్చేసింది. వైజాగ్‌లో యానిమేషన్, మల్టీమీడియా చదివే పిల్లలు మళ్లీ నాకు కథలు పంపడం మొదలుపెట్టారు. ఈసారి వచ్చినవాటిలో కల్కి అవతారాలు రెండు, రోబో ప్రేమకథ ఒకటి, డాల్ఫిన్స్ నోస్ కొండ నిజంగానే డాల్ఫిన్ అయిపోయి సముద్రంలోకి దూకేసే కథ ఒకటి ఉన్నాయి. ఆ చివరిది నాకు భలే నచ్చింది. కానీ ఉన్నది నలుగురు పిల్లలు, రెండు లాప్‌టాప్‌లు, నాలుగు నెలల గడువు. "ఎంత నిడివి అనుకుంటున్నారర్రా?" అంటే, "ఐదు నిమిషాలక్కా, మహా అయితే ఆరు" అన్నారు.

ఒక్కరూ లెక్క వేసుకోరు. నా కోపమంతా అక్కడే. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 కదలని చిత్రాలు, ఐదు నిమిషాలంటే 7,200. చేత్తో గీసే టూడీలో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచుతాం, ‘ఆన్ టూస్’ అనేది దాన్నే. అలా చూసినా 3,600 బొమ్మలు. నేర్చుకునే దశలో రోజుకు పది శుభ్రమైన బొమ్మలు గీస్తే గొప్పే. నలుగురూ ఒక్క పూట కూడా సెలవు పెట్టకుండా గీస్తే 90 రోజులు. ఇందులో రంగులు లేవు, బ్యాక్‌గ్రౌండ్లు లేవు, సౌండ్ లేదు, సెమిస్టర్ పరీక్షలు లేవు, ఎవరికీ జ్వరం రాదు. అదే 40 సెకన్లయితే 480 బొమ్మలు, తలా 120. పన్నెండు రోజుల్లో గీయడం అయిపోతుంది. మిగతా కాలమంతా బాగా రానివి చింపేసి మళ్లీ గీసుకోవచ్చు.

"త్రీడీలో గీయక్కర్లేదు కదక్కా" అంటారు. నిజమే, గీయక్కర్లేదు. రెండర్ చెయ్యాలి, అంటే ఒక్కో ఫ్రేమునూ వెలుగునీడలతో సహా కంప్యూటరే లెక్కగట్టి బొమ్మగా తీయాలి. మామూలు లాప్‌టాప్‌లో ఫ్రేముకు రెండు నిమిషాలు పట్టిందనుకోండి, ఐదు నిమిషాల సినిమాకు 240 గంటలు, అంటే పది రోజులు మెషీన్ ఆగకుండా తిరగాలి. మధ్యలో వాయుగుండం వచ్చి కరెంటు పోతే ఏం చేస్తారో చెప్పండి.

ఇక్కడ తప్పకుండా ఎవరో ఒకరు ‘ఫ్లో’ అనే యానిమేషన్ సినిమా పేరు తెస్తారు. ఫ్రీగా దొరికే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసి 2025లో ఆస్కార్ కొట్టారు కదా అని. కొట్టారు. దాని దర్శకుడు, లాట్వియాకు చెందిన గింట్స్ జిల్బలోడిస్, అంతకుముందు ఎన్ని పొట్టి సినిమాలు తీశాడో కూడా చూడండి. ఆ తర్వాతే 2019లో ‘అవే’ అనే పూర్తి నిడివి సినిమా ఒక్కడే చేశాడు. ‘ఫ్లో’లో పాత్రలు ఒక్క మాట మాట్లాడవు. రెండరింగ్‌కు కూడా బ్లెండర్‌లో త్వరగా పనయ్యే ఈవీ అనే రెండర్ పద్ధతినే వాడుకున్నారు. చేతిలో ఉన్నదేమిటో చూసుకుని దానికి తగ్గట్టు సినిమా ఆలోచించిన మనిషి ఆయన. మనవాళ్లు ఆస్కార్ మాత్రం చూస్తారు.

సాఫ్ట్‌వేర్ పిచ్చి ఇంకో తలనొప్పి. ఊళ్లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలలు చదివొచ్చిన అబ్బాయి రిగ్, అంటే త్రీడీ బొమ్మను కదిలించడానికి లోపల పెట్టే ఎముకల గూడు, అద్భుతంగా కడతాడు. ఒక బంతిని ఎగరేసి చూపించమంటే, అది ఫ్యాను గాలికి ఊగే బెలూన్‌లా కిందికి దిగింది. పాపం వాడి తప్పు కాదు, మొదటి రోజు నుంచి బటన్లే నేర్పారు. బంతి పైకి వెళ్లినకొద్దీ నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ బొమ్మలు దగ్గరదగ్గరగా పడాలి. కిందికి వచ్చేకొద్దీ వాటి మధ్య దూరం పెరగాలి. నేల తగిలిన ఫ్రేములో అణుగుతుంది, అణిగినప్పుడు పక్కలకు ఉబ్బాలి, లేదంటే బంతి చిన్నదైపోయినట్టు కనిపిస్తుంది. ప్రతి ఎగురూ ముందుదానికంటే తక్కువ ఎత్తు. అదే బంతిని ఇనప గుండు చేయమనండి. అణగదు, ఒకసారి దడ్‌మని పడి కాస్త దొర్లి ఆగుతుంది. కదలికకు ఎన్ని ఫ్రేములన్నది టైమింగ్, బొమ్మకూ బొమ్మకూ మధ్య దూరం స్పేసింగ్, ఇంతే. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్స్టన్ 1981లో పుస్తకంగా రాసిపెట్టిన 12 యానిమేషన్ సూత్రాల్లో సగం ఈ బంతిలోనే దొరుకుతాయి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు పెన్సిల్‌2డీ, క్రిటా రెండూ ఉచితం. పుస్తకం అంచున గీసి పేజీలు గబగబా తిప్పి చూసుకున్నా సరే, పైసా ఖర్చుండదు.

బంతి వచ్చాక బరువు నేర్చుకోవాలి. దానికి యూట్యూబ్ ఎందుకు? పొద్దున్నే జాలరిపేట వైపు వెళ్లండి. ఒడ్డున నిలబడి అలివి వల లాగుతుంటారు, ఫోన్‌లో తీసుకోండి, ఇంటికొచ్చి ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ చూడండి. నాకు వచ్చే టెస్టుల్లో అందరూ చేతులతోనే తాడు లాగిస్తారు. అసలు లాగేది చేతులు కావు. ముందు నడుము వెనక్కి పోతుంది, మడమ ఇసకలో దిగబడుతుంది, ఒళ్లంతా వాలుతుంది, తాడు బిగుస్తుంది, చేతులు అప్పటిదాకా చాపినవి చాపినట్టే ఉంటాయి. అల వెనక్కి గుంజినప్పుడు ఎవరూ లాగరు, ఉన్నచోటే బిగపట్టి ఆగుతారు. ఆ ఆగడం చూడండి. బొమ్మలో అక్కడ ఏడెనిమిది ఫ్రేములు దాదాపు కదలిక లేకుండా ఉంచగలిగితే, ఆ తర్వాత వేసే ఒక్క అడుగుకు బరువు తానే వస్తుంది. వెళ్లినప్పుడు వాళ్లను అడిగి తీయండి, ఊరికే మొహాల మీద ఫోన్లు పెట్టకండి.

నడక కోసం ఆర్‌కే బీచ్ ఉండనే ఉంది. మామూలు నడకకు అడుగుకు 12 ఫ్రేములు లెక్క. మోకాళ్ల నొప్పుల మావయ్యగారికి అది చాలదు, ఇరవై దాకా ఇవ్వాలి. అలల్ని మాత్రం సినిమాలో పెట్టకండి, బతిమాలుకుంటున్నాను. నీళ్లు గీయడం పెద్దవాళ్లకే చుక్కలు చూపిస్తుంది.

డైలాగులు కూడా వద్దు. నెట్‌లో దొరికే నోటి ఆకారాల చార్టులు ఇంగ్లిష్ శబ్దాలకు చేసినవి. మన మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరిచి ఆగుతుంది. ఆ చార్టు యథాతథంగా అతికిస్తే డబ్బింగ్ సినిమాలా ఉంటుంది. మాటకు తగ్గట్టు పెదాలు కదిలించే లిప్‌సింక్ వేరే చదువు, తర్వాత చూసుకుందాం.

డాల్ఫిన్ కథ పంపిన పిల్లలకు ఇదంతా చెప్పి, కథలో ఒక్క క్షణమే ఉంచుకోమన్నాను: కొండ మీద లైట్‌హౌస్ కొంచెం వంగుతుంది, లోపలున్న మనిషి చేతిలో టీ ఒలుకుతుంది, కిటికీలోంచి చూస్తే కింద పెద్ద కన్ను తెరుచుకుంటుంది. అంతే, కట్. దూకడం చూపించక్కర్లేదు, దభేల్‌మన్న శబ్దం చాలు. మొదట మొహాలు మాడ్చుకున్నారు. తర్వాత స్టోరీబోర్డు గీసి, ఫోన్‌లో రికార్డు చేసిన శబ్దాలతో ఆనిమాటిక్ కట్టుకొచ్చారు. ఆనిమాటిక్ అంటే కదలని స్కెచ్‌లనే ఏ షాట్ ఎన్ని సెకన్లో ఆ లెక్కన వరసగా పెట్టి చూసుకోవడం. దాన్ని సినిమా గోల తెలియని మనిషికి చూపించండి, టీ కొట్టు బాబాయ్ అయితే మరీ మంచిది. ఆయనకు అర్థం కాకపోతే, తర్వాత ఎంత నున్నగా కదిలించినా ఒరిగేదేం లేదు. ఆనిమాటిక్‌లోనే షాట్ తీసేయాలంటే ఐదు నిమిషాల పని. యానిమేట్ చేశాక తీసేయాలంటే మనుషుల మధ్య మాటల్లేకుండా పోతాయి, ఎన్నో టీముల్లో చూశాను.

ఇంతా చేసి పిల్లలు 40 సెకన్లకు ఒప్పుకుంటే, డిపార్ట్‌మెంట్ ఒప్పుకోదు! "కనీసం మూడు నిమిషాలు ఉండాలి" అని రూల్ షీట్‌లో రాసి ఉంటుంది. ఎందుకు సార్? వ్యాసానికి పేజీలు కొలిచినట్టు బొమ్మకు నిమిషాలు కొలుస్తారా? అందుకేగా పిల్లలు టైటిల్స్ అరనిమిషం సాగదీసి, కెమెరాను ఖాళీ గదిలో గుండ్రంగా తిప్పి పంపిస్తున్నారు. ఆ నిడివి రూల్ తీసేసి, రెండో నెలలో ఆనిమాటిక్‌కు విడిగా మార్కులు పెట్టండి, బంతి, నడక, బరువు టెస్టులు సబ్మిట్ చేస్తే గానీ ప్రాజెక్టుకు సంతకం పెట్టేది లేదని చెప్పండి. ఈ పోస్టు చదువుతున్న లెక్చరర్లు ఎవరైనా ఉంటే, మీ కాలేజీలో ఇది ఎందుకు కుదరదో కింద రాయండి, వాదించుకుందాం.