పాలు గడ్డకట్టాకే కాస్టిక్ సోడా
మేకపాల సబ్బు తయారీ గురించిన వ్యాసంలో, గోరువెచ్చని పాలలో కాస్టిక్ సోడా కలపమని రాశారు. అలా చేస్తే పాలలోని చక్కెర మాడి సబ్బు ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది, అమ్మోనియా ఘాటు కూడా కొడుతుంది. 300 గ్రాముల పాలను ఫ్రీజర్‌లో ముక్కలుగా గడ్డకట్టించి, స్టీలు గిన్నెలో వేసి, 148 గ్రాముల సోడాను చెంచా చెంచాగా చల్లుతూ కలపాలి. వేడి 35 డిగ్రీలు దాటనివ్వకండి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఈ పాలను తర్వాత నూనెల్లో కలుపుతాం కదా, ఈ లెక్క 400 గ్రాముల కొబ్బరినూనె, 500 పామాయిల్, 100 ఆముదానికే. నూనె మారితే సోడా కూడా మారుతుంది. అల్యూమినియం గిన్నె వద్దే వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. అచ్చులో పోశాక దుప్పటి కప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. సబ్బును ముక్కలుగా కోశాక 4 నుంచి 6 వారాలు గాలికి ఆరాలి. అన్నట్టు, మేకపోతు పక్కనే కట్టేసిన మేకల పాలకు వాసన పడుతుంది, విడిగా కట్టండి.