బంగారు తీగది తిరోగమనమా?

కృష్ణా డెల్టాలో వరి కోశాక మాగాణుల్లో మినుము, పెసర వేసే రైతులకు బంగారు తీగ బెడద కొత్త కాదు. దానికి ఆకులు లేవు, మొలకెత్తిన కొద్ది రోజులకే వేరు ఎండిపోతుంది, పత్రహరితం నామమాత్రం. పసుపుపచ్చని దారంలా పైరును చుట్టుకొని, కాండంలోకి చూషకాలనే పీల్చే అవయవాలను దించి, నీటినీ ఆహారాన్నీ అక్కడి నుంచే పీల్చుకుంటుంది. ఇది చిలగడదుంప కుటుంబానికి చెందిన మొక్క. దీని పూర్వీకులకు ఆకులు, వేళ్లు రెండూ ఉండేవి. బంగారు తీగల్లో ఒక జాతి జన్యుక్రమం 2018లో వెలువడినప్పుడు, ఆకులు, వేళ్ల ఎదుగుదలకు తోడ్పడే జన్యువులు అనేకం నశించాయని తేలింది.

పరిణామాన్ని ఏకకణ జీవి నుంచి మనిషి దాకా సాగే మెట్ల వరుసగా ఊహించుకునేవారికి ఇది తిరోగమనంగా తోస్తుంది. ఆ మాటను నేను ఒప్పుకోలేను. జీవం మొదలైందే అతి సరళమైన రూపంలో కాబట్టి, అక్కడి నుంచి మార్పుకు చోటున్నది ఎక్కువగా సంక్లిష్టత వైపే. ఏనుగు, మర్రిచెట్టు పుట్టినంత మాత్రాన పరిణామం వాటినే కోరుకుందని చెప్పలేం. బాక్టీరియాలు నేటికీ కోటానుకోట్లుగా వర్ధిల్లుతూనే ఉన్నాయి.

కుష్ఠు బాక్టీరియానే చూడండి. దాని బంధువైన క్షయ బాక్టీరియాలో దాదాపు 4,000 జన్యువులుండగా, దీనిలో పనిచేసేవి సుమారు 1,600 మాత్రమే. మరో 1,100 దాకా పాడుబడి, శిథిలాల్లా మిగిలాయి. మన కణాల్లోనే బతకడానికి అలవాటుపడిన జీవికి ఆ జన్యువులతో అవసరం తీరిపోయింది. ప్రయోగశాలలో కృత్రిమ ఆహారంపై దాన్ని పెంచడం ఇప్పటికీ సాధ్యం కాకపోవడానికి ఈ నష్టమే ముఖ్య కారణమని భావిస్తారు.

అయితే నష్టం ఎప్పుడూ సరళతకే దారితీస్తుందనుకోవడమూ పొరపాటే. మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు ఒకప్పుడు స్వేచ్ఛగా బతికిన బాక్టీరియాల వారసులు. మనిషిలో వాటి దగ్గర మిగిలినవి 37 జన్యువులు. మిగతావాటిలో కొన్ని కేంద్రకంలోకి చేరాయి, కొన్ని పోయాయి. అంతగా కుదించుకుపోయిన మైటోకాండ్రియాలున్న కణాల మీదే మొక్కలు, జంతువుల సంక్లిష్టత అంతా నిలబడింది. కాబట్టి సరళమా, సంక్లిష్టమా అని అడిగే ముందు, ఏ హద్దు లోపల లెక్కిస్తున్నామో చెప్పాలి.

బంగారు తీగను విడిగా లెక్కిస్తే అది చిక్కిపోయిన మొక్కే. కానీ పూత కాలాన్ని సొంతంగా నిర్ణయించుకునే శక్తి పోయిన, జన్యుక్రమం తెలిసిన పై జాతి, తాను అల్లుకున్న మొక్క పూతకు సిద్ధమైనప్పుడు దానిలో తయారయ్యే ప్రోటీన్ సంకేతాన్ని అందుకొని, దానితో పాటే పూస్తుందని 2020లో వెలువడిన పరిశోధన తేల్చింది.