తప్పక చదవండి... కిలో ఎంత?

హన్మకొండలో ఫలానా హోటల్‌లో ఇడ్లీ బాగుందని ఒక్కరికి చెప్పి చూడండి. మర్నాటికి సగం కాలనీ అక్కడే ఉంటుంది. పంటి డాక్టరు, బోరు వేసే మనిషి, చీరల దుకాణం, దేని గురించి చెప్పినా మన మాట నమ్ముతారు. అదే నోటితో "ఫలానా ఆయన కథ రాసిండు, మస్తుగుంది, చదవండి" అన్నామనుకోండి, ఎదుటి మనిషి మన ముఖం కేసి అనుమానంగా చూస్తాడు. "ఆయన మీకేమైతడు?" అంటాడు. ఏమీ కాడంటే అనుమానం ఇంకా పెరుగుతుంది. చుట్టం కాదు, మనకు బాకీ లేడు, ఎన్నికల్లో నిలబడలేదు. మరి ఊరికే ఎందుకు పొగుడుతున్నట్టు?

నాకేమో మంచిది చదివితే కడుపులో ఆగదు. రాసే పిచ్చి ఉన్నవాళ్లం కొందరం ఆదివారం పొద్దున పబ్లిక్ గార్డెన్‌లో కూర్చుంటాం. ఒకరిది ఒకరం చదువుతాం. బాగుంటే బాగుందంటాం, లేకపోతే చాయ్ తాగుదామంటాం. మాలో లోకో సారు ఒకరు. కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు. సికింద్రాబాద్ నుంచి వచ్చిన పట్టాలు ఢిల్లీ వైపు ఒకటి, విజయవాడ వైపు ఒకటి చీలే ఆ జంక్షన్‌లో రాత్రి డ్యూటీల మీద ఆయన రాసిన కథలు చదివితే నిద్ర పట్టదు. ఆ కథ ఒకటి పక్కింటాయనకు ఇచ్చాను. వారం తర్వాత ఎదురై, "సారు మంచోడే తీరున్నడు. తత్కాల్‌ల ఒక బెర్తు ఇప్పిస్తడా, అడుగరాదు" అన్నాడు.

ఎనుమాముల మార్కెట్‌లో గుమస్తాగా చేసే తమ్ముడు ఇంకొకడు. మిర్చి సీజన్‌లో యార్డంతా ఒకేసారి తుమ్మడం మీద వాడు రాసింది నేను బస్సులో చదివి నవ్వితే పక్క సీటామె లేచి ముందుకు వెళ్లి కూర్చుంది. చపాటా మిర్చి మీద కూడా రాశాడు. అదే, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ రకం. టమాటాలాగా లావుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. రంగు ఎక్కువ, కారం తక్కువ. వాడు ఎవరి పేరూ ఎత్తలేదు గానీ, చదువుతుంటే నాకు ఇద్దరు ముగ్గురు కవులు కళ్ల ముందు మెదిలారు. అది మా మేనమామకు మొత్తం చదివి వినిపించాను. చివరిదాకా కళ్లు మూసుకుని విని, "ఇయ్యాల క్వింటాల్ ఎంత పోయింది?" అన్నాడు.

పుస్తకావిష్కరణ సభల్లో ఈ బాధ లేదు. అక్కడ మెచ్చుకోవడానికి చదవడం అడ్డం రాదు. వక్త వేదిక మీదే రంగు కాగితం చించి, అట్ట తిప్పి, లోపల పేరు చూసుకుని, "ఈ పుస్తకం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు" అంటాడు. శాలువా కప్పుతారు. అందరూ క్షేమంగా ఇళ్లకు చేరుతారు. గొడవంతా నిజంగా చదివి, నిజంగా నచ్చి, నిజంగా చెప్పిన వాడితోనే వస్తుంది.

సంక్రాంతి ముందర అదే వచ్చింది.

మా బృందంలో వదిన ఉంది. పరకాల దగ్గర బడిలో టీచరు. బస్సులో వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం రాస్తుంది. ఆమె సకినాల మీద రాసిన వ్యాసం ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో అచ్చయింది. నర్సంపేట దగ్గర అమ్మమ్మ ఊరు. వాకిట్లో పరిచిన పాత తెల్ల ధోవతి. చుట్టూ వాడకట్టు ఆడవాళ్లు. తడి పిండిని వేళ్ల మధ్య మెలి తిప్పుతూ ఒక చుట్టు, దాని చుట్టూ ఇంకో చుట్టు వేస్తుంటే, ఆ చేతుల మధ్య నుంచి ఊరి ముచ్చట్లన్నీ జారుతుంటాయి. ఎవరి కోడలు అలిగింది, ఎవరి గొడ్డు ఈనింది, అన్నీ ఆ ధోవతి మీదే తేలిపోతాయి. చివరి పేరా ఇంకా బాగుంది. అందులో వదిన తనకు సకినం చుట్టడం ఈనాటికీ రాలేదనీ, తను చుట్టినవి గుండ్రంగా కాక జిల్లా మ్యాపుల్లా వస్తాయనీ రాసుకుంది.

నేను ఆ పేజీని ఫొటో తీసి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద "వదిన సకినాల మీద రాసింది. చాలా బాగుంది. తప్పక చదవండి. చివరి పేరా అస్సలు వదలొద్దు" అని రాశాను.

రెండో అంతస్తులో ఉండే పెద్దాయన గ్రూపుకు అడ్మిన్. పొడుగు మెసేజ్ ఎవరూ చదవరని ఆయన సిద్ధాంతం. అందుకని జనం మేలు కోరి దాన్ని కాస్త కురచ చేసి తన చుట్టాల గ్రూపుకు పంపారు: "వదిన సకినాలు చాలా బాగున్నాయట. అస్సలు వదలొద్దు." వ్యాసం కింద రచయిత ఫోన్ నంబరు వేయడం మన పత్రికల అలవాటు కదా, ఆ నంబరు కూడా జత చేశారు. నయీంనగర్‌లో ఆయన మరదలు దానికి "పండుగ ఆర్డర్లు తీసుకుంటున్నారు" అని కలిపింది. స్టేషన్ రోడ్డులో ఎవరో "స్వచ్ఛమైన పల్లి నూనె" పోశారు. ములుగు రోడ్డు దాటేసరికి "హోం డెలివరీ కలదు" అయింది. మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చున్నానో లేదో, కరీంనగర్ నుంచి మా బామ్మర్ది ఫోన్. "బావా, మీ దిక్కు ఎవరో వదినట, సకినాలు మస్తు చేస్తదట గద. రెండు కిలోలు పట్టుకరా."

అక్కడ వదిన సంగతి వేరు. అచ్చయిన రోజు రాసేవాళ్లు ఫోను పక్కన పెట్టుకుని ఎలా కూర్చుంటారో రాసేవాళ్లకే తెలుసు. మొదటి ఫోను వచ్చింది.

"మేడం, మీ సకినాల సంగతి చూసినమండి. మస్తున్నయంట."

"ధన్యవాదాలండి. మీకు అందులో ఏం నచ్చింది?"

"అంటే... కరకరలాడుతున్నయని చెప్పిన్రు."

"అవునండి. వాక్యం ఎక్కడా మెత్తబడొద్దని నాలుగుసార్లు తిరగరాసిన."

అటువైపు కాసేపు మాట లేదు. "నువ్వులు ఎక్కువనే ఏసిన్రా?"

"నువ్వుల ప్రస్తావన రెండో పేరాలో వస్తుంది సార్."

"గదంత నాకెందుకు మేడం, కిలో ఎంత?"

ఆ తర్వాత ఫోను ఆగలేదు. అర కిలో వాళ్లు, అయిదు కిలోల వాళ్లు. బిడ్డ అత్తగారింటికి సారె పంపాలన్న ఒకామె పెద్ద బుట్టెడు అడిగింది. వదిన ప్రతి ఒక్కరికీ "అది వ్యాసమండి, తినేది కాదు" అని చెప్పింది. "స్టాక్ అయిపోయిందని సీదా చెప్పరాదా" అని ఒకాయన కోపానికొచ్చాడు.

సాయంత్రం నేను క్షమించమని అడుగుదామని వెళ్లేసరికి ఫోను వదిన చేతిలో లేదు. వాళ్ల అత్తమ్మ దగ్గర ఉంది. నేను పెద్దమ్మా అంటాను ఆమెను. కళ్లజోడు పెట్టుకుని, మనవడి లెక్కల నోట్‌బుక్ ముందేసుకుని, "ఆఁ, చెప్పు బిడ్డా, ఎంత కావాలె? సగం పైసలు ముందుగాల్నే ఫోన్‌పే కొట్టాలె మరి" అంటోంది. నన్ను చూసి కూర్చోమని కూడా అనలేదు. "మంచిగొచ్చినవ్ కొడుకా. బియ్యం నానబోసిన. పొద్దుగాల గిర్నికి నువ్వే పోవాలె" అంది.

"ఈమెకు సకినం చుట్టుడు రాదు. ఇన్నేండ్ల సంది నా చేతివే తింటది. పేపర్ల మాత్రం ఈమె పేరేసిన్రు" అని కోడలి వైపు చూసింది. వదిన గోడకేసి చూసింది. ఒక లెక్కన పెద్దమ్మ చెప్పింది చివరి పేరాలో ఉన్న ముక్కే. ఆ ఇంట్లో కూడా దాన్ని ఎవరూ చదవలేదని అప్పుడు అర్థమైంది.

మర్నాడు మా బృందమంతా అక్కడే. తడి బియ్యం పట్టని గిర్నీలు రెండు తిరిగి, పట్టే గిర్ని ముందు వరుసలో నిలబడి పిండి తెచ్చాను. గుమస్తా తమ్ముడు నూనె డబ్బాలు మోశాడు. మా ఆవిడ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు ధోవతి పరిచి కూర్చున్నారు. లోకో సారుకు జల్లెడ ఇచ్చారు. పలుకు మిగిలిన పిండితో చుట్టిన సకినం నూనెలో పేలుతుందని, పేలితే ముఖాన నూనె పడుతుందని పెద్దమ్మ ముందే బెదిరించింది. సారు ఇంజన్ చూసినంత శ్రద్ధగా జల్లిస్తూ వదినను ఓదార్చడం మొదలుపెట్టారు.

"బాధపడకమ్మా. రాసేవాళ్లను పదిమందికి చెప్పడమంటే ఎప్పుడూ కష్టమే. తెలంగాణలో కవులే లేరు పొమ్మని ఎవరో అంటే, సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరుకున్నారా? 1934లో 354 మంది కవులను ఒక్కచోట చేర్చి గోలకొండ కవుల సంచిక వేశారు. ఒక్క మనిషి, 354 మందిని!"

పొయ్యి ముందు నుంచి పెద్దమ్మ తలెత్తింది. "మూడొందల మందా? గంత మందికి వండిపెట్టిందెవరు?"

సారు దగ్గర జవాబు లేదు. కాసేపు జల్లెడ చప్పుడే వినిపించింది. ధోవతి నీళ్లు పీల్చుకుంటే చుట్లు గట్టిపడతాయి. అప్పుడు ఒక్కోదాని కింద పలచటి రేకు దోపి, విరగకుండా లేపి, నూనెలోకి జార్చాలి. పెద్దమ్మ అది ముచ్చట్లు చెబుతూనే చేసేస్తోంది. వదిన ప్రయత్నించిన ఒకటి ములుగు జిల్లా ఆకారంలో వచ్చింది. దాన్ని మనవడు తినేశాడు.

ప్యాకెట్లు కట్టే వేళకు లోకో సారు మళ్లీ గొంతు సవరించుకున్నారు. "ఇనుగుర్తి అంత పల్లెలో ఒద్దిరాజు సోదరులు 1922లోనే 'తెనుగు' పత్రిక నడిపారు. మనం ఒక కాయితం జిరాక్స్ తీయించలేమా? ప్రతి ప్యాకెట్లో వ్యాసం ఒకటి పెడదాం. సకినాలతో పాటు సాహిత్యమూ ఇంటికి పోతుంది." ఆ మాటకు వదిన ముఖం వెలిగింది. గుమస్తా తమ్ముడు చౌరస్తా దాకా పరుగెత్తాడు. ప్రతి ప్యాకెట్లో సకినాల పైన వ్యాసం, చివరి పేరా పైకి కనిపించేట్టు మడిచి పెట్టాం. నేనే మడిచాను.

పండుగ రోజు నుంచి ఫోన్లు. మళ్లీ వదినే తీసింది, ఈసారి కొండంత ఆశతో.

"మేడం, సకినాలు సూపరున్నయ్. లోపల కాయితం పెట్టిన్రు గద, నూనె మంచిగ గుంజింది."

"ఇంటికాడ పొయ్యి ముట్టియ్యనీకి పనికొచ్చింది మేడం."

సారె పంపినామె కాయితం చూసి బిల్లనుకుందట. అందులో ధర ఎక్కడా కనబడక మూడుసార్లు తిరగేసిందట. తిరగేసింది కాబట్టి చదివినట్టేనా అని వదిన నన్ను అడిగింది. నేను అవునన్నాను. ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

కనుమ నాడు సాయంత్రం ఇంకో ఫోను. గొంతులో కోపం. "ఏందమ్మా గిది? మీరేమో మూడో పేరాల, అమ్మమ్మ పిడికెడు వాము నలిపి ఏసేదని, వాకిలంత వాసనొచ్చేదని రాసిన్రు. మా ప్యాకెట్ల వాము జాడనే లేదు. చివరి పేరాల చుట్టుడు రాదని మీరే ఒప్పుకున్నరు. మరి గివి గింత గుండ్రంగ ఎట్లొచ్చినయ్? ఎవరు చుట్టిన్రు?"

వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది. "సార్, మీరు... మొత్తం చదివారా?"

"రెండుసార్లు చదివిన. అందుకే అడుగుతున్న."

"మీ ఇల్లెక్కడ సార్? ఇంకో కిలో పంపిస్తా. పైసలు వద్దు. ఇప్పుడే పంపిస్తా."

నా చేతికి సంచి వచ్చింది, స్కూటర్ తాళంచెవి వచ్చింది. పెద్దమ్మ మాత్రం నోట్‌బుక్ మూసి లబలబలాడింది. "నీకేమన్న పిచ్చా బిడ్డా? గట్ల చదివినోళ్లందరికీ ఊకెనే పంచుకుంట పోతే మనం మునుగుతం."

"ఆ భయమేం లేదత్తమ్మా" అంది వదిన.