స్పెయిన్‌లో మరపు కూడా ఒక పక్షానిదే

1977 అక్టోబరు 14. 1936-39 అంతర్యుద్ధంలో రిపబ్లిక్ ప్రభుత్వాన్ని ఓడించి, అప్పటినుంచి స్పెయిన్‌ను ఏలిన నియంత ఫ్రాంకో చనిపోయి రెండేళ్లు కాలేదు. రాజకీయ ఖైదీలకే కాదు, నియంతృత్వ కాలపు నేరాలకు పాల్పడ్డ అధికారులకూ మాఫీ ఇచ్చే క్షమాభిక్ష చట్టం స్పెయిన్ పార్లమెంటులో చర్చకు వచ్చింది. కమ్యూనిస్టు సభ్యుడు, కార్మిక నాయకుడు మార్సెలినో కమాచో మద్దతుగా మాట్లాడారు. నియంత జైళ్లలో ఏళ్లతరబడి మగ్గిన మనిషి ఆయన. ఇన్ని దెబ్బలు తిన్న మేమే మా మృతులనూ మా పగలనూ పాతిపెట్టేశామన్నారు. చట్టం 296 ఓట్లతో నెగ్గింది. ఫ్రాంకో మాజీ మంత్రి ఫ్రాగా పార్టీ మాత్రం ఓటింగుకు దూరంగా ఉండిపోయింది.

పగల సంగతి నిజమే కావచ్చు. మృతుల సంగతి నిజం కాదు. రిపబ్లిక్ పక్షాన నిలిచి ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో వేలాదిమంది అప్పటికీ రోడ్డుపక్క గోతుల్లో, శ్మశానం గోడల వెంబడి, పాడుబడ్డ బావుల్లో ఉన్నారు. 2008లో న్యాయమూర్తి బల్తసార్ గార్సోన్ ముందుకొచ్చిన లెక్క ప్రకారం ఆచూకీ లేనివారు 1,14,000 మందికి పైనే.

ఇరువైపులా ఘోరాలు జరిగాయి కాబట్టి ఇరువురూ మరచిపోవడమే మేలని స్పెయిన్‌లో తరచూ వినిపించే వాదన. ఘోరాలు ఇరువైపులా జరిగిన మాట వాస్తవం. రిపబ్లిక్ ప్రాంతంలో 6,000 మందికి పైగా మతగురువులను, సన్యాసులను, సన్యాసినులను చంపారు. మాడ్రిడ్ పక్కనున్న పారకుయెయోస్‌లో ఖైదీలను గుంపులుగా కాల్చేశారు. అయితే గెలిచిన ఫ్రాంకో ప్రభుత్వం 1940లోనే ఈ హత్యలపై దేశవ్యాప్త విచారణకు దిగింది. శవాలను వెలికితీసి లాంఛనాలతో ఖననం చేశారు. దేవుడి కోసం, స్పెయిన్ కోసం నేలకొరిగినవారంటూ చర్చి గోడల మీద పేర్లు చెక్కించారు. ఓడినవారి ఇళ్లలో బాహాటంగా ఏడ్వడానికే భయపడ్డారు. 1936 ఆగస్టులో గ్రనాడా దగ్గర కాల్చి చంపిన కవి లోర్కా ఎముకలు ఇప్పటికీ దొరకలేదు. ఒక పక్షం నలభై ఏళ్లు తనివితీరా స్మరించుకున్నాక, ఇక ఇద్దరం మరచిపోదామంటే అది ఒప్పందమెలా అవుతుంది?

మాడ్రిడ్ సమీపంలోని కుయెల్గామురోస్ లోయ ఈ అన్యాయానికి రాతి రూపం. ఫ్రాంకో ప్రభుత్వం అక్కడ స్మారకాన్ని 1940లో మొదలుపెట్టి 1959లో ప్రారంభించింది. 150 మీటర్ల శిలువ, కొండను తొలిచి కట్టిన చర్చి, లోపల 33,000 మందికి పైగా అంతర్యుద్ధ మృతుల అస్థికలు. రాజకీయ ఖైదీల చేతా పని చేయించారు. సమాధి గదులు నింపడానికి రిపబ్లికన్ల గోతులనూ తవ్వి, ఇంటివాళ్లకు చెప్పకుండానే ఎముకలు తరలించారు. 1975లో ఫ్రాంకోనూ అక్కడే ఖననం చేశారు. చంపినవాడికి పూలదండలు, చచ్చినవారికి పేరైనా లేదు. 2019 అక్టోబరు 24న ఆయన అవశేషాలను బయటికి తీసేదాకా ప్రజాస్వామ్య స్పెయిన్ దీన్ని భరించింది.

1977 నాటి మౌనాన్ని నేను తప్పుపట్టను. రాజకీయ ఖైదీల విడుదల అప్పటి ప్రతిపక్షం డిమాండే. సైన్యం పాతదే, పోలీసులు పాతవారే. ఆ భయం ఉత్తది కాదని 1981 ఫిబ్రవరి 23న ప్రభుత్వాన్ని కూలదోయాలని పార్లమెంటులోకి పిస్తోలుతో జొరబడ్డ లెఫ్టినెంట్ కర్నల్ తెహేరో చూపించాడు. నా అభ్యంతరం ఆ తర్వాతి కాలం మీద. 1982 నుంచి 1996 దాకా పాలించింది సోషలిస్టులే, అదీ తొలి పదేళ్లకు పైగా సొంత మెజారిటీతో. యుద్ధం మొదలై యాభై ఏళ్లయిన 1986లో, అంతర్యుద్ధం స్మరించుకోదగ్గ ఘటన కాదని ఫెలిపె గొన్సాలెస్ ప్రభుత్వం ప్రకటించి చేతులు దులుపుకుంది. దానికి భయం సాకు చెల్లదు.

తలుపు తెరిచింది మనవలు. 2000 అక్టోబరులో ప్రియరాంసా గ్రామం దగ్గర ఒక గోతిలో 13 మంది అస్థికలు బయటపడ్డాయి. తాత కోసం వెతుకుతూ అక్కడికి చేరిన ఎమిలియో సిల్వా తర్వాత ఒక సంఘం స్థాపించారు, ఊరూరా తవ్వకాలు మొదలయ్యాయి. 2007లో చారిత్రక స్మృతి చట్టం వచ్చినా వెతికే బరువు కుటుంబాల మీదే ఉండిపోయింది, ప్రభుత్వం ఇచ్చింది సాయం మాత్రమే. మితవాద పాపులర్ పార్టీకి చెందిన రహోయ్ ప్రధాని అయ్యాక 2013 బడ్జెట్‌లో ఆ సాయాన్నీ సున్నా చేశారు. ఫ్రాంకో కాలపు నేరాల విచారణకు పూనుకున్న గార్సోన్ తానే బోనెక్కాల్సి వచ్చింది. 2012లో ఆ కేసులో నిర్దోషిగా తేలారు గానీ, అదే నెలలో మరో కేసులో పదవి పోయింది.

వెతకడం రాజ్యం బాధ్యతేనని 2022 చట్టం ఒప్పుకుంది. అది కూడా సీట్ల లెక్క మారితే నిలుస్తుందా అన్నది అనుమానమే. 2024లో అరగాన్ ప్రాంతంలో పాపులర్ పార్టీ, తీవ్ర మితవాద పార్టీ వోక్స్ కలిసి అక్కడి స్మృతి చట్టాన్ని రద్దుచేశాయి. సామరస్యం కోసమేనట! పక్కనే ఉన్న నవార్రాలో ప్రభుత్వమే గోతులు తవ్విస్తుంది, డీఎన్‌ఏ బ్యాంకు నడుపుతుంది. తండ్రి ఎముకలు సరిహద్దుకు ఏ వైపున పడి ఉన్నాయన్న దాన్ని బట్టి కూతురి హక్కు మారిపోతోంది. ఆ కూతుళ్లలో బతికున్నవారు తొంభైకి చేరువలోనో, దాటేసో ఉన్నారు. ఎముక ఎవరిదో పోల్చడానికి వారి డీఎన్‌ఏ ఇచ్చినంత స్పష్టంగా మనవల డీఎన్‌ఏ ఇవ్వదు.