వెనక తెర కారులో పట్టాలి

బెంగళూరులో తెలుగు పాటలు పాడుకునే మా ఐదుగురి బృందానికి గత ఏడాది ఉగాదికి మారతహళ్లి అవతల ఒక అపార్ట్‌మెంట్ ఆవరణలో కార్యక్రమం కుదిరింది. నిర్వాహకులు వారం ముందు ఫోన్ చేసి, పాటల సంగతి తర్వాత చూద్దాం గానీ ముందు మీ ఫోటోలు పంపండి, ఫ్లెక్స్ కొట్టించాలి అన్నారు. పంపాం. తీరా వెళ్లి చూస్తే వేదిక వెనక పన్నెండు అడుగుల ఫ్లెక్స్ మీద ఒక ప్లైవుడ్ దుకాణం, ఒక దంతవైద్యశాల, కమిటీ సభ్యుల పాస్‌పోర్ట్ ఫోటోలు కొలువుదీరి ఉన్నాయి. మా పేరు సరిగ్గా నడిమధ్యన, డ్రమ్మర్ తల వెనక పడింది. ఒక ఒత్తుకు అతని తల, ఒక గుడికి డ్రమ్ముల మీది సింబల్ పళ్లెం అడ్డుపడి, మిగిలిన అక్షరాలు కలిపి చదివితే వచ్చిన మాటను ఇక్కడ రాయలేను. లైట్లు వెయ్యగానే ఆ నిగనిగలాడే ఫ్లెక్స్ అద్దంలా మెరిసింది. ఫోన్ కెమెరాలు ఆ వెలుగుకు తగ్గట్టు తమను తాము సర్దుకుని మా ముఖాలను చీకట్లో కలిపేశాయి. వీడియోలో మా గాయని కంటే దంతవైద్యశాల ప్రకటనలోని చిరునవ్వే స్పష్టంగా ఉంది.

అప్పటి నుంచి నాది ఒకటే వాదన. చిన్న బృందం తన వెనక తెరను తానే తయారు చేసుకోవాలి. అది నల్లటి మందపాటి నూలు గుడ్డతో ఉండాలి, విప్పితే ఒక మామూలు కారులో పట్టాలి, ఇద్దరు మనుషులు పావుగంటలో నిలబెట్టగలగాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా అది రెండో కార్యక్రమానికి ఇంట్లోనే ఉండిపోతుంది.

ఎల్ఈడీ వాల్ పెట్టిద్దామని మా గిటారిస్టు అంటూనే ఉంటాడు. దాని అద్దె ఒక్కోసారి మా పారితోషికాన్ని మించుతుంది కాబట్టి ఆ చర్చ అక్కడితో ముగుస్తుంది. ఫ్లెక్స్ విషయం వేరు, అది చవక. అయితే అది పాలియెస్టర్ దారాల వల మీద పీవీసీ పూత పూసిన సరుకు. మడత పెడితే ఆ గీత ఇక పోదు, కాబట్టి చుట్టే తీసుకెళ్లాలి. ఎనిమిది అడుగుల చుట్టను కిటికీలోంచి బయటికి పెట్టుకుని ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలి దాటిన అనుభవం నాకుంది, శత్రువుకు కూడా వద్దు. పైగా 2016లో కర్ణాటక ప్రభుత్వం తెచ్చిన ప్లాస్టిక్ నిషేధంలో ఫ్లెక్సులు కూడా ఉన్నాయి. 2018లో హైకోర్టు గట్టిగా మందలించాక నగరపాలక సంస్థ వీధుల్లో వేలాడుతున్నవాటిని వేల సంఖ్యలో పీకించింది. అయినా మన పండుగలకు అది లేనిదే తోచదు.

ఇక చట్రం. ఎస్‌జేపీ రోడ్డులో ఒకటిన్నర అంగుళాల మందపాటి పీవీసీ పైపులు, ఇరవై అడుగులవి మూడు కొని, దుకాణంలోనే ముక్కలు కోయించాను. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు మా లెక్క. మొదటి ప్రయత్నంలో రెండు నిలువులు, పైన పది అడుగుల అడ్డం మాత్రమే పెట్టాను. గుడ్డ వేలాడదీయగానే అడ్డం నడుమ బట్టలారేసిన తాడులా కిందికి వంగింది. నడుమ మూడో నిలువు పెట్టి, అడ్డాన్ని రెండు ఐదడుగుల ముక్కలుగా చేసి ఆ నిలువు మీది టీ జాయింటులో కలిపాక వంగడం ఆగింది. ప్రతి నిలువూ రెండు నాలుగడుగుల ముక్కలు. ప్రతి నిలువుకూ ముందుకూ వెనక్కూ రెండేసి అడుగుల కాళ్లు. ఐదడుగులు మించిన ముక్క ఒక్కటీ లేకపోవడంతో మొత్తం సామాను మా పాత వ్యాగనార్‌లో వెనక సీటు మడిచి, ముందు సీట్ల మధ్య సందులోంచి దూరిస్తే పడుతుంది. ప్రతి జాయింటులోనూ ఒక వైపు మాత్రమే జిగురు పూయాలి. రెండో వైపు రంధ్రం వేసి, చేత్తో తిప్పే రెక్కల నట్టుతో బోల్టు బిగించాలి. నట్టు లేకుండా కేవలం దూర్చి వదిలేస్తే నాలుగు కార్యక్రమాలకే బిగువు పోతుంది. ఏ ముక్క ఎక్కడికో తెలియడానికి రంగు టేపులు చుట్టాను, ఎందుకంటే చీకటి పడ్డాక వేదిక వెనక ఎవరి తెలివీ పనిచెయ్యదు. పైపులకు నల్లరంగు వేసే ముందు గరుకు కాగితంతో రుద్దడం మరిచిపోకండి. నేను మరిచిపోయాను, ఆ రంగు ఇంకా మా కారు సీట్ల మీదే ఉంది.

గుడ్డ చిక్‌పేటలో కొన్నాను, యాభై ఎనిమిది అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న నల్ల డ్రిల్లు, అంటే మందపాటి నూలు గుడ్డ. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పది అడుగుల చట్రానికి పది అడుగుల గుడ్డే కొని బిగుతుగా లాగి కట్టడం. అలా కడితే ప్రతి ముడతా, ప్రతి మడత గీతా లైటు పడగానే కనిపిస్తుంది. వెడల్పుకు ఒకటిన్నర రెట్లు గుడ్డ తీసుకుని కుచ్చులుగా వదిలితే ముడతలన్నీ ఆ కుచ్చుల్లో కలిసిపోతాయి. నాటకశాలల పరదాలు నిండుగా కనిపించడానికి కారణం ఇదే. మూడు పట్టీలు, ఒక్కొక్కటి తొమ్మిది అడుగులు, వెరసి తొమ్మిది గజాలు. మా వీధిలో జాకెట్లు కుట్టే మదనపల్లె అక్క దగ్గరికి తీసుకెళ్లి, పైన పైపు దూరేంత గొట్టంలా మడిచి కుట్టాలి, అచ్చం లంగాకు బొందు ఎక్కించే మడతలాగే అని చెప్పాను. ఆమె గుడ్డంతా విప్పి చూసి, “తొమ్మిది గజాల లంగా ఏ ఏనుగుకు సార్?” అంది. కుట్టడానికి ముందు ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేయమని కూడా ఆమే చెప్పింది. లేకపోతే మొదటి ఉతుకుకే తెర చీలమండల పైకి లేచేది. కింది మడతలో సన్నని గొలుసు వేయించాను, ఫ్యాను గాలికి కూడా అంచు ఎగరదు.

పేరును తెర మీద నేరుగా రాయించవద్దు. అడుగు వెడల్పు తెల్లగుడ్డ పట్టీ మీద రాయించి, తెర పైఅంచున వెల్క్రోతో అతికిస్తే నిలబడ్డ మనిషి తలకు పైన ఉంటుంది, డ్రమ్ములు అడ్డు రావు. తెలుగు అక్షరాలకు ఒత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు పేరుకు సరిపోయిన కొలత మనకు సరిపోదు. ఏడు అంగుళాల అక్షరం, లావాటి గీత ఉంటే చివరి వరుసలో కూర్చున్న తాతగారు కూడా చదవగలరు.

ఆరుబయట వేదికల మీద గాలిని తక్కువగా అంచనా వేయకండి. గంటకు ముప్పై కిలోమీటర్ల గాలి, అంటే సెప్టెంబరు సాయంత్రం వానకు ముందు ఇక్కడ మామూలుగా లేచే గాలి, ఎనభై చదరపు అడుగుల తెరను సుమారు 32 కిలోల బరువుతో నెడుతుంది. వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగు రెట్లు. బస్తాల్లో ఇసుక మోసుకెళ్లడం మా వల్ల కాలేదు. చివరికి పరిష్కారం ప్రతి అపార్ట్‌మెంటులోనూ దొరికే 20 లీటర్ల నీళ్ల క్యానులో కనిపించింది. ముందు కాళ్ల మీద మూడు, వెనక కాళ్ల మీద మూడు, ఆరు క్యాన్లు పెడితే ఏ వైపు నుంచి వీచినా తెర నిలుస్తుంది. అంతకు మించి గాలి లేస్తే పరువుకు పోకుండా తెర దించెయ్యడమే.

నిప్పు సంగతి కూడా చెప్పాలి. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక క్లబ్బులో బ్యాండు వెనక కాల్చిన బాణసంచా గోడల మీది ఫోముకు అంటుకుని వంద మంది చనిపోయారు. మన కార్యక్రమాల్లోనూ వేదిక మీద చిచ్చుబుడ్లలాంటి కోల్డ్ పైరో పెట్టే మోజు పెరిగింది. మేము తెర ఉన్న వేదిక మీద దాన్ని ఒప్పుకోము. నూలు గుడ్డను బోరాక్స్, బోరిక్ యాసిడ్ 7:3 పాళ్లలో కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడితే మంట అంత తేలిగ్గా అంటుకోదు. బోరిక్ యాసిడ్ అంటే క్యారమ్ బోర్డు మీద చల్లుకునే పొడే. ఉతికితే పోతుంది కాబట్టి ఉతికిన ప్రతిసారీ మళ్లీ ముంచాలి. పాలియెస్టర్‌కు ఈ వైద్యం పనిచెయ్యదు, నేను నూలునే పట్టుకుని కూర్చోవడానికి అదీ ఒక కారణం.

ఇదంతా కొత్త విద్యేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజం కుటుంబాలతో సహా ఊరూరా తిరిగింది. దర్బారును, అడవిని, వీధిని తెరల మీద చిత్రించి, చుట్టి, వెంట తీసుకెళ్లి ఆడిన జాతి మనది. వాళ్లు ఆ కాలంలో చేసింది మనం కారూ బోల్టులూ ఉండి చెయ్యలేమా అని నా గొణుగుడు.

ఈ ఉగాదికి అదే అపార్ట్‌మెంటు వాళ్లు మళ్లీ పిలిచారు. మళ్లీ ఫోటోలు అడిగారు. తెర మేమే తెస్తాం, దాతల పేర్లు ప్రవేశద్వారం దగ్గర స్టాండీల మీద పెట్టుకోండి అన్నాను. అధ్యక్షులవారు కొంచెం చిన్నబుచ్చుకున్నా ఒప్పుకున్నారు. మా వంతు అయ్యాక తెర విప్పబోతుంటే ఆయనే వేదిక మీదికి వచ్చి, పిల్లల కూచిపూడి అయ్యేదాకా దాన్ని అలాగే ఉంచమని అడిగారు. ఉంచాం. పిల్లలకు దాహం వేసి ముందు వైపు రెండు క్యాన్లు ఎత్తుకుపోవడం మాత్రం నేను ఆలస్యంగా గమనించాను. చివరి నృత్యం అయ్యేంతవరకు నేనూ మా డ్రమ్మరూ చట్రం ముందు కాళ్లలో చెరోదాని మీద కూర్చున్నాం.